ఏడో అధ్యాయంలో చనిపోయినవాడు

ఆ శనివారం పొద్దున క్లెమ్ హాస్కిన్ పెట్టుకున్న పని ఒక్కటే, కోళ్ళగూటికి పచ్చరంగు వేయడం. పాత చొక్కా తొడుక్కున్నాడు, డబ్బా మూత తీశాడు, కుంచె ముంచాడు. అరవై అయిదు దాటిన మనిషికి, అందులోనూ నిన్నగాక మొన్న పుస్తకం అచ్చయిన మనిషికి, అంతకంటే సుఖమైన శనివారం ఏముంటుంది? సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. మిస్ థెల్మా ప్రాట్ లోపలికి వచ్చింది. ఆవిడ చంకలో క్లెమ్ రాసిన పుస్తకం ఉంది. దాన్నిండా గుర్తుకోసం పెట్టిన కాగితం ముక్కలు ఉన్నాయి.

మిస్ ప్రాట్ తమ ఊరు వర్రాబిల్లాలో బడికి పెద్ద టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఊరి చరిత్ర సంఘం నడుపుతోంది. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. మిగతా సగం పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు.

"ఏడో అధ్యాయం గురించి మాట్లాడాలి, క్లెమ్," అంది ఆవిడ, కోళ్ళని తప్పించుకుంటూ.

క్లెమ్ గుండెల్లో రాయి పడింది. మిగతా పదకొండు అధ్యాయాల్లో దేని గురించి అడిగినా ఏదో ఒకటి చెప్పి బయటపడేవాడు. ఏడో అధ్యాయం అలాంటిది కాదు. 'న్యూగినీ బురదలో ఒక సిపాయి' అనే ఆ పుస్తకానికి ఏడో అధ్యాయమే ప్రాణం. అందులో క్లెమ్ ప్రాణస్నేహితుడు ఆల్ఫ్ డెంటన్, శత్రువులు విసిరిన గ్రెనేడ్ మీద బోర్లా పడి క్లెమ్‌ని కాపాడతాడు. క్లెమ్ చేతుల్లోనే కన్నుమూస్తాడు. అది చదివి కసాయి దుకాణంవాడు కూడా ఏడ్చాడు. ఇందులో ఉన్న చిక్కు ఒక్కటే. ఆల్ఫ్ డెంటన్ చనిపోలేదు.

అసలు క్లెమ్ గానీ ఆల్ఫ్ గానీ గ్రెనేడ్ చప్పుడు వినిపించేంత దూరంలో ఎన్నడూ లేరు. ఇద్దరూ పోర్ట్ మోర్స్‌బీలో సైన్యం వారి రొట్టెల బట్టీలో పిండి పిసికారు. యుద్ధం మొత్తంలో క్లెమ్‌కి తగిలిన గాయమల్లా మోచేతి మీద బట్టీ తలుపు కాల్చిన మచ్చ. అయిదో అధ్యాయంలో అది తూటా గాయమైంది. యుద్ధం అయిపోగానే ఆల్ఫ్ తన టాస్మేనియాకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకరి ఊసు ఒకరికి లేదు.

ఈ అబద్ధం పుట్టి నలభై ఏళ్ళయింది. యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్ళకి ఊరి హాల్లో టీ విందు ఇచ్చారు. ఒక్కొక్కడూ దాటిన వాగుల గురించీ, పోయిన నేస్తాల గురించీ చెబుతున్నాడు. ఇద్దరు కొడుకుల్నీ యుద్ధానికి ఇచ్చేసిన ముసలి మిసెస్ కార్బెట్ క్లెమ్ చెయ్యి పట్టుకుని, "నువ్వెవర్ని పోగొట్టుకున్నావు నాయనా?" అని అడిగింది. ఎవర్నీ లేదమ్మా, నేను రొట్టెలు కాల్చాను అని చెప్పబోయాడు. ఆవిడ కళ్ళలోకి చూశాక నోరు పెగల్లేదు. "ఆల్ఫ్‌ని," అన్నాడు. అని, నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. టీ కెటిల్ పట్టుకుని పక్కనే నిలబడ్డ ఆవిడ మేనకోడలు ఆ ఏడుపు చూసింది. అప్పటికే గోధుమల వ్యాపారి కొడుకుతో కుదిరిన సంబంధం వదులుకుని క్లెమ్‌ని చేసుకుంది. ఆ మేనకోడలే మావిస్.

"నేస్తం కోసం అంతలా ఏడ్చినవాడు పెళ్ళాన్ని ఏడిపించడు," అని మావిస్ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. పెద్ద కొడుక్కి ఆల్ఫ్ అని పేరు పెట్టింది. పాత సైనికుల క్లబ్బు ముందు ఆల్ఫ్ డెంటన్ పేరుమీద గులాబీ తోట వేయించింది. ఆ తోటకి ఇన్నేళ్ళూ నీళ్ళు పోసిందీ ఆవిడే. ఏడాదికేడాదీ ఆల్ఫ్ చావు గొప్పదవుతూ వచ్చింది. మొదట జ్వరంతో పోయాడు, తర్వాత తూటాతో పోయాడు, పుస్తకంలోకి ఎక్కేసరికి గ్రెనేడ్‌తో పోయాడు. క్లెమ్ భయమంతా మావిస్ గురించే. ఊరు నవ్వితే నవ్వనీ, క్లబ్బు వెళ్ళగొడితే వెళ్ళగొట్టనీ. మావిస్‌కి తెలిస్తే?

"బడి పిల్లలు, పోయిన సిపాయిల్ని తల్చుకునే ఈ ఆంజాక్ రోజుకి ఆల్ఫ్ సమాధి మీద పూలదండ పెట్టిద్దామన్నారు. సమాధి ఎక్కడుందని కాన్‌బెర్రాకి ఫోన్ చేశాను. సైన్యం జాబితాలో ఆ పేరుతో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరన్నారు," అంది మిస్ ప్రాట్.

"బురద మేడం. బురద మింగేసి ఉంటుంది."

"సమాధిని మింగుతుంది. పేరును కూడా మింగుతుందా?"

క్లెమ్ కుంచెలోంచి పచ్చరంగు బొట్లు బొట్లుగా అతని బూటు మీద పడుతోంది. వంటింటి కిటికీలోంచి మావిస్ పాట వినిపిస్తోంది. ఏదో ఒకటి చెప్పకపోతే ఆ కిటికీ తెరుచుకుంటుంది. "మీ దగ్గర దాపరికం ఎందుకు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "వాడి అసలు పేరు ఆల్ఫ్ కాదు. వయసు చాలక, అన్న పేరు చెప్పి చేరాడు. ఆల్ఫ్ అనేది వాళ్ళ అన్న పేరు. అన్న బతికే ఉన్నాడని తెలిసి జాబితాలోంచి కొట్టేసి ఉంటారు."

మిస్ ప్రాట్ కళ్ళజోడు తీసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా చిన్నన్నయ్య కూడా అలాగే చేరాడు, క్లెమ్. మా అమ్మకి చెప్పకుండా." కళ్ళు తుడుచుకుని, "అయితే ఆ కుర్రాడి అసలు పేరేంటి?" అంది.

"చెప్పలేదు మేడం."

"చచ్చిపోతూ కూడానా?"

"టైము చాల్లేదు."

"చివరి మాటలు పేజీన్నర ఉన్నాయి కదా?"

క్లెమ్ కుంచె మళ్ళీ డబ్బాలో ముంచాడు. ఆవిడ అతని భుజం తట్టింది. "పోనీలెండి, మిమ్మల్ని బాధపెట్టను. నలభై ఏళ్ళుగా ఆ పసివాడు ఇంకొకడి పేరు కింద పడుకున్నాడు. వాడి పేరు వాడికి ఇప్పించే పూచీ నాది," అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. అనుమానంతో వచ్చిన మిస్ ప్రాట్ కంటే నమ్మకంతో వెళ్ళిన మిస్ ప్రాట్ వెయ్యి రెట్లు ప్రమాదమని క్లెమ్‌కి అప్పుడే అర్థమైంది.

సాయంత్రానికల్లా సంగతి క్లబ్బుకి చేరింది. క్లబ్బు అధ్యక్షుడు రాల్ఫ్ గిల్మోర్ ఒకప్పటి సార్జెంటు. నిజంగా అడవుల్లో పోరాడి, నిజంగా ఒక కాలు కుంటి చేసుకుని వచ్చినవాడు. అతను మెల్లగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది. తోటలో కొత్త రాయి వేయించి అసలు పేరు చెక్కించాలని తీర్మానం చేశాడు. పేరు తెలియాలంటే అన్నని వెతకాలి, అన్నని వెతకాలంటే రేడియోలో చెప్పించాలి అన్నాడు. క్లెమ్ పరుగెత్తుకు వెళ్ళాడు.

"రాల్ఫ్, ఆ కుటుంబాన్ని వెతకొద్దు. మానిన పుండు. ఎందుకు కెలకడం?"

రాల్ఫ్ బీరు గ్లాసు కింద పెట్టి క్లబ్బంతా వినేలా అరిచాడు. "విన్నారా! మనిషంటే వీడూ! తన పేరు రేడియోలో వస్తుందని సిగ్గుపడి చస్తున్నాడు. ఏమోయ్ క్లెమ్, ఇంత అణకువ పనికిరాదు. ఈసారి బ్యాండు కూడా పెట్టిస్తా, ఉండు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. క్లెమ్ కాలు కడుక్కోబోయినప్పుడల్లా అడుసు మోకాలిదాకా వచ్చేది. మరుసటి వారం రేడియోలో, పొద్దుటి వార్తల తర్వాత, దేశమంతా వినేలా చదివారు. వర్రాబిల్లాకి చెందిన క్లెమ్ హాస్కిన్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసిన వీరుడు, ఆల్ఫ్ డెంటన్ అనే అన్న పేరుతో సైన్యంలో చేరి ప్రాణాలిచ్చాడనీ, ఆ అన్న ఎక్కడున్నా ఆంజాక్ రోజుకి వర్రాబిల్లా రావాలనీ చెప్పారు. క్లెమ్ టోస్టు గొంతుకి అడ్డం పడింది. మావిస్ అతని వీపు నిమురుతూ, "ఏడువు క్లెమ్, కడుపులో పెట్టుకోకు," అంది. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. దిగులనుకుని మావిస్ రోజుకో కేకు చేసి పెట్టింది. తినలేకపోయేసరికి దిగులు ముదిరిందనుకుని ఇంకోటి చేసింది.

రెండు రోజుల తర్వాత రాల్ఫ్ కారు గేటు ముందు కీచుమని ఆగింది. "దొరికాడోయ్!" అన్న కేకకి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. "టాస్మేనియా నుంచి ఫోన్! డెంటన్‌నే మాట్లాడుతున్నా, ఆంజాక్ రోజుకి ముందు రోజు, ఇరవై నాలుగున, రైలుకి వస్తున్నా అని చెప్పి పెట్టేశాడు!"

క్లెమ్ అక్కడే రంగు డబ్బా మీద కూలబడ్డాడు. డబ్బాకి మూత లేదు. మావిస్ అతని ప్యాంటు కిరసనాయిలుతో తుడుస్తున్నంతసేపూ అతనికి ఒకటే ఆలోచన. ఆ అన్నని పుట్టించింది తనే కదా, అలాంటి అన్న ఎలా వస్తాడు? వస్తే గిస్తే ఆల్ఫే రావాలి. లేదా ఊరికే వచ్చి నాలుగు రోజులు తిని పోదామనుకునే దొంగ వెధవ ఎవడైనా రావాలి. దేవుడా, దొంగ వెధవే అయితే బాగుండును, అని క్లెమ్ ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద వేడుకున్నాడు.

ఇరవై నాలుగున మధ్యాహ్నం రైలు రాకముందే స్టేషనుకి ఒక్కడే వెళ్ళి, వచ్చినవాణ్ణి వచ్చిన రైల్లోనే తోసేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి సగం ఊరు అక్కడే ఉంది. బ్యాండువాళ్ళు బాకాలు తుడుచుకుంటున్నారు. మిస్ ప్రాట్, రాల్ఫ్, నీలం టోపీ పెట్టుకున్న మావిస్ ముందు వరసలో నిలబడ్డారు. రైలు ఆగింది. బక్కపల్చటి ముసలాయన ఒకాయన సంచీ పట్టుకుని దిగాడు. జుట్టు ఊడిపోయింది, నడుం వంగింది. కానీ ఆ చెవులు! తల కంటే ముందు పుట్టినట్టుండే ఆ చెవుల్ని క్లెమ్ ఎక్కడున్నా గుర్తుపడతాడు. పిండి చల్లినప్పుడల్లా వాటి నిండా తెల్లగా పేరుకునేది.

క్లెమ్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆల్ఫ్ కూడా క్లెమ్‌ని చూసి, దయ్యాన్ని చూసినట్టు తలుపు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. అతని మొహం సున్నం కొట్టినట్టయింది. కోపమే అనుకున్నాడు క్లెమ్. ఇంకో నిమిషం ఆగితే ఏం వాగుతాడో అని ముందుకి దూకి, "మీరు ఆల్ఫ్ అన్నగారు కదూ! పోయినవాడి అన్నగారు!" అని అరిచాడు.

ఆల్ఫ్ కమ్మీ వదిలేశాడు. "అవును, అన్ననే. నేను అన్ననే. అన్న కాకపోతే ఎవర్ని?" అన్నాడు గడగడా.

క్లెమ్‌కి ఆశ్చర్యపడే తీరిక కూడా దొరకలేదు. మిస్ ప్రాట్ ఇద్దరి మధ్యకీ వచ్చేసింది. "రాయి చెక్కేవాడు వాకిట్లో కూర్చున్నాడు. మీ తమ్ముడి అసలు పేరు చెప్పండి."

"టెడ్," అన్నాడు ఆల్ఫ్.

"హ్యారీ," అన్నాడు క్లెమ్, అదే క్షణంలో.

బ్యాండువాళ్ళు కూడా ఆగిపోయారు. మిస్ ప్రాట్ క్లెమ్ వైపు తిరిగింది. "మీకు తెలీదన్నారు కదా?"

"ఇప్పుడే… ఈయన మొహం చూడగానే గుర్తొచ్చింది మేడం." క్లెమ్ చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఇంట్లో టెడ్, బళ్ళో హ్యారీ," అన్నాడు ఆల్ఫ్ నీరసంగా. "మా వాడికి పేరు మార్చుకోవడం చిన్నప్పట్నించీ అలవాటే."

"టెడ్ అంటే ఎడ్వర్డ్. ఎడ్వర్డ్ హ్యారీ డెంటన్," అని మిస్ ప్రాట్ అప్పటికప్పుడు చెక్కేవాడికి చెప్పడానికి వెళ్ళిపోయింది. బ్యాండు మళ్ళీ మొదలైంది. మావిస్ ఆల్ఫ్‌ని కౌగిలించుకుని బావురుమంది. ఆమె భుజం మీదుగా ఆల్ఫ్ క్లెమ్ వైపు చూసిన చూపు, కత్తి పట్టుకున్నవాడి వైపు గొర్రె చూసే చూపు. వీడెందుకు భయపడుతున్నాడు? భయపడాల్సింది నేను కదా అనుకున్నాడు క్లెమ్. అనుకున్నకొద్దీ ఇంకా భయం వేసింది.

ఇంటికి వచ్చాక మావిస్ గొర్రెమాంసం వేపుడు పెట్టింది. తర్వాత ఎండుద్రాక్ష నిండుగా వేసిన పెద్ద కేకు తెచ్చింది. "మీ తమ్ముడికి ఇదంటే ప్రాణమట కదా అన్నగారూ! ఏటా ఈ రోజున ఆయన పేరు చెప్పుకుని చేస్తాను," అంది. అలాంటి కేకంటే ప్రాణం పెట్టేది క్లెమ్. ఆల్ఫ్‌కి ఎండుద్రాక్ష చూస్తేనే డోకు. బట్టీలో ఒక్కోటీ ఏరి పారేసేవాడు. పాపం, ఇప్పుడు మూడు పెద్ద ముక్కలు ఒక్క మాట అనకుండా మింగాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"చూడు క్లెమ్," అంది మావిస్ తన ఏప్రన్‌తో కళ్ళొత్తుకుంటూ, "తమ్ముణ్ణి తల్చుకుని ఎలా కుమిలిపోతున్నారో." గోడ మీది ఫోటో దించి ఆల్ఫ్ మొహం పక్కన పెట్టి చూసింది. అందులో కుర్ర క్లెమ్, కుర్ర ఆల్ఫ్ నవ్వుతున్నారు. మెడ కింద భాగం లేదు. రొట్టెలవాళ్ళ ఏప్రన్లు కనబడకుండా క్లెమ్ ఎప్పుడో కత్తిరించేశాడు. "అచ్చం ఆ పోలికే! ఆ చెవులతో సహా!"

క్లెమ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అన్నగారికి మన కోళ్ళని చూపిస్తాను." జీవితంలో ఎవరూ అంత ఆత్రంగా కోళ్ళని చూపించి ఉండరు, అంత ఆత్రంగా చూడబోయి ఉండరు.

గూట్లో దూరి తలుపు వేసుకోగానే క్లెమ్ చేతులు జోడించాడు. "ఒరేయ్ ఆల్ఫ్, నన్ను క్షమించరా! నిన్ను చంపేశాను. ఊరంతటి ముందూ, పుస్తకంలోనూ చంపేశాను. నీ కాళ్ళు పట్టుకుంటా, మావిస్‌కి మాత్రం చెప్పకు. అది నన్ను చేసుకుందే నీ చావు చూసి."

ఆల్ఫ్ గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. "నువ్వు… నువ్వా నన్ను క్షమించమంటున్నావు? నన్ను తన్నడానికి పిలిపించావనుకున్నాన్రా!"

"నేనెందుకు తన్నడం?"

"నేనూ నిన్ను చంపేశాను కదరా!"

ఒక కోడి కొక్కొరో అని లేచి పక్కకి పోయింది. ఆల్ఫ్ చెప్పుకొచ్చాడు. టాస్మేనియాలో అతని ఊరి పేరు పోర్ట్ మార్లో. అక్కడా టీ విందు ఇచ్చారు, అక్కడా ఎవరో తల్లి అడిగింది, అక్కడా నోరు పెగల్లేదు. "క్లెమ్‌ని," అన్నాడట. ఇప్పుడు ఆ ఊళ్ళో క్లెమ్ హాస్కిన్ పేరుమీద పిల్లల ఈతకొలను ఉంది. ఊరి పిల్లలందరూ అందులోనే ఈత నేర్చుకున్నారు. ఆ కొలను సంఘానికి అధ్యక్షురాలు ఆల్ఫ్ భార్య బెరిల్. పొద్దున గడ్డం గీసుకుంటూ రేడియోలో క్లెమ్ హాస్కిన్ అన్న పేరు వినేసరికి, బెరిల్ వంటింట్లోంచి వచ్చేలోపు రేడియో నోరు మూతపడేలా దాని మీద టీ కెటిల్ బోర్లించాడు. చేపలు పట్టడానికి పోతున్నానని చెప్పి ఓడెక్కి, దిగి రైలెక్కాడు.

"నీ కాళ్ళు పట్టుకుని, ఇంకొన్నాళ్ళు చచ్చిపోయి ఉండమని అడగడానికొచ్చాన్రా," అన్నాడు ఆల్ఫ్. "బెరిల్ వింటే నన్ను ఆ కొలనులోనే ముంచుతుంది."

క్లెమ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి ఒక అనుమానం వచ్చింది. "ఎలా చచ్చాను?"

ఆల్ఫ్ తల వంచుకున్నాడు. "మొసలి."

"మొసలా!" క్లెమ్‌కి నిజంగానే రోషం వచ్చింది. "నేను నిన్ను గ్రెనేడ్‌తో ఎంత గౌరవంగా చంపాను! నువ్వు నన్ను మొసలికి వేస్తావా?"

"నన్ను కాపాడబోయే పోయావులేరా. ఆల్ఫ్, నువ్వు ఒడ్డెక్కు అన్నావు."

"అంతేనా? పేజీన్నర చివరి మాటలు రాశాను నీకు!"

అప్పుడు గూటి వెనక, కోళ్ళు గుడ్లు పెట్టే పెట్టె మూత పైకి లేచింది. బయటి నుంచి గుడ్లు తీసుకోవడానికి పెట్టిన మూత అది. రెండు కోళ్ళ నడుమ మావిస్ మొహం కనబడింది. నీలం టోపీ ఇంకా తలమీదే ఉంది.

ఇన్నేళ్ళూ క్లెమ్ ఊహించుకుని వణికిన క్షణం ఇదే. ఊహలో ఎప్పుడూ మావిస్ అరిచేది, పళ్ళేలు విసిరేది. ఇప్పుడామె అరవలేదు. గుడ్లు ఒక్కోటీ బుట్టలో పెట్టుకుంది. "ఆ రోజు హాల్లో ఏడ్చావే," అంది చివరికి. "ఎవరి కోసం ఏడ్చావు?"

"మావిస్…"

"వీడు చావలేదు. మరి ఎవరి కోసం? నటించావా? నేను ఆ ఏడుపు చూసి వచ్చాను నీ వెంట. అది చెప్పు నాకు. ఇంకేమీ వద్దు."

క్లెమ్ గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా అబద్ధాలు గుక్కతిప్పుకోకుండా చెప్పినవాడికి నిజం చెప్పడానికి మాట మాటకీ ఆగాల్సి వచ్చింది. "పైన కొండల్లో పోరాడుతున్న కుర్రాళ్ళకి లారీల్లో రొట్టెలు పంపేవాళ్ళం. ఒకసారి లారీ తిరిగొచ్చింది. రొట్టెలు పంపినవి పంపినట్టే ఉన్నాయి. బస్తాలు కూడా విప్పలేదు. ఇవెందుకు తెచ్చావురా అంటే, తినేవాళ్ళు లేరు అన్నాడు డ్రైవరు. అంతే అన్నాడు."

"పారెయ్యమన్నారు చెల్లెమ్మా," అన్నాడు ఆల్ఫ్. "బూజు పట్టేశాయి. పారెయ్యడానికి చేతులు రాలేదు. ఇద్దరం బస్తాల మీద కూర్చుని ఏడ్చాం."

"వాళ్ళ పేర్లు నాకు తెలీదు మావిస్, ఒక్కడిదీ తెలీదు. మిసెస్ కార్బెట్ అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బస్తాలే. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లితో, రొట్టెల కోసం ఏడుస్తున్నానమ్మా అని ఎలా చెప్పను? నోటికి వీడి పేరొచ్చింది."

మావిస్ గుడ్ల బుట్ట కింద పెట్టింది. "ఇది పుస్తకంలో ఎందుకు రాయలేదు?" అంది.

"రొట్టెల గురించి ఎవరు చదువుతారే?"

ఆమె మూత వేసేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం క్లెమ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఆల్ఫ్‌కి పడక వేసింది, క్లెమ్ కోటుకి మెడల్స్ గుచ్చి పెట్టింది. ఆ రెండు పనులూ ఎప్పటిలాగే శ్రద్ధగా చేసింది. అందుకే క్లెమ్‌కి ఇంకా భయమేసింది. తిట్టి ఉంటే కుదుటపడేవాడు. రేపు ఊరంతటి ముందూ మైకు దగ్గరికి వెళ్ళేది మావిసే. ఏటా ఆ తోటలో పూలదండ పెట్టేది ఆమే.

తెల్లవారకముందే ఊరంతా గులాబీ తోట చుట్టూ చేరింది. చలికి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బాకా మోగింది, ఆగింది. నిమిషం మౌనం పాటించారు. ఆ మౌనంలో క్లెమ్‌కి తన పళ్ళు కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆల్ఫ్ ముందుకి వెళ్ళి రాయి మీది జెండా తీశాడు. ఎడ్వర్డ్ హ్యారీ డెంటన్. పుట్టని మనిషికి అంత నున్నటి రాయి ఎక్కడా ఉండదు. "మా తమ్ముడు… నాకంటే మంచివాడు," అన్నాడు ఆల్ఫ్. అంతకంటే అనలేక పక్కకి వచ్చి క్లెమ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు మావిస్ హాస్కిన్," అని రాల్ఫ్ ఉరిమాడు.

మావిస్ నడిచి వెళ్ళింది. ఆమె చేతిలో పూలదండ లేదు. తెల్ల తువాలులో చుట్టినదేదో ఉంది. ముసుగు తీసింది. రొట్టె. అప్పుడే కాల్చినది కాబోలు, చలిలో పొగ లేస్తోంది. మావిస్ మైకు ముందు నిలబడి, క్లెమ్ వైపు చూసింది. క్లెమ్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, అనుకున్నాడు.

"ఇది తినడానికి రాలేకపోయినవాళ్ళకి," అంది మావిస్. "వాళ్ళ పేర్లు మాకెవరికీ తెలీదు. తెలియకపోయినా వాళ్ళ కోసం ఏడ్చినవాళ్ళున్నారు." రొట్టెని రాయి మీద పెట్టి వచ్చి క్లెమ్ పక్కన నిలబడింది. అతని మోచేతి మచ్చ మీద చెయ్యి వేసింది. అయిదో అధ్యాయంలో తూటా తగిలిన చోటు అది. ఇద్దరు ముసలాళ్ళూ చంటిపిల్లల్లా ఏడ్చారు. జనం దారి ఇచ్చి, టోపీలు తీసి, వాళ్ళని కుర్చీల దగ్గరికి నడిపించారు. వెనక వరసలో మిస్ ప్రాట్ పక్కావిడ చెవిలో, "టాస్మేనియాలో అలా పెడతారు కాబోలు," అంది.

ఇంటికి నడుస్తూ క్లెమ్ అడిగాడు, "ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నవ్వేది నిన్ను చూసి కాదు, నన్ను చూసి," అంది మావిస్. "నలభై ఏళ్ళు ఆ తోటకి నీళ్ళు మోసిన మనిషిని. ఇంటికి పద, నీతో చాలా పని ఉంది." ఆ పని ఏమిటంటే పుస్తకం. రెండో ముద్రణకి రొట్టెల బస్తాల సంగతి కొత్త అధ్యాయంగా రాసి తీరాలంది. క్లెమ్ రాశాడు. మొదటిసారి ఒక్క మాట కల్పించకుండా రాశాడు. తప్పులు దిద్దమని ఇస్తే మిస్ ప్రాట్ చదివి, ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టేసింది. "ఏడో అధ్యాయానికి సాక్షి ఉన్నాడు క్లెమ్, స్వయంగా అన్నే వచ్చాడు. దీనికెవరున్నారు? సిపాయిలు బస్తాల మీద కూర్చుని రొట్టెల కోసం ఏడ్చారంటే ఎవరు నమ్ముతారు? మంచి పుస్తకాన్ని ఇలాంటి కట్టుకథలతో పాడుచేసుకోకండి," అంది.

ఇంతటితో అయిపోయిందని క్లెమ్ ఊపిరి పీల్చుకుంటుండగా పోర్ట్ మార్లో నుంచి ఫోను వచ్చింది. ఆల్ఫ్ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. "ఒరేయ్, పక్కింటావిడ ఆ రోజు రేడియో విన్నదట, బెరిల్‌కి చెప్పేసింది. క్లెమ్ హాస్కిన్ బతికే ఉన్నాడా అని బెరిల్ నా పీక పట్టుకుంది. బతికున్నది వాళ్ళ అన్నే, పోయినవాడు అన్న పేరుతో చేరాడు అని చెప్పేశాన్రా. అన్నని పిలిపించి కొలను దగ్గర రాయి వేస్తారట. పోయిన తమ్ముడికి ఏదో ఒక పేరు ఆలోచించి ఉంచు. ఈసారి ఇద్దరం ఒకటే చెబుదాం."

క్లెమ్ ఫోను పట్టుకుని నిలువునా నీరైపోయాడు. మావిస్ అప్పటికే అటక మీంచి పెట్టె దించుతోంది.

వెళ్ళారు. బ్యాండు వచ్చింది. బెరిల్ క్లెమ్‌ని కౌగిలించుకుని ఏడ్చింది. క్లెమ్ కొలను గట్టు మీద నిలబడి, మొసలి నోట పడ్డ తన తమ్ముడి గురించి రెండు మాటలు చెప్పాడు. మావిస్ మాత్రం ముందు వరసలో కూర్చుని, ఊరివాళ్ళు పోయిన హాస్కిన్‌ని పొగిడిన మాటలన్నీ శ్రద్ధగా వింది. ఇప్పుడు మిగిలిన హాస్కిన్ గిన్నెలు తోమడానికి విసుక్కున్నప్పుడల్లా, మొసలి తిన్నవాడైతే నోరెత్తకుండా తోమేవాడని గుర్తు చేస్తోంది.